కత్తెరకి దొరకని మునిమాపు కథలు

సెన్సారు అనగానే మనకి గుర్తొచ్చేది కత్తెర. ఫలానా సినిమాలో ఫలానా సీనుకి కత్తెర పడిందట, ఫలానా డైలాగు దగ్గర మాట వినపడకుండా చేశారట! ఇలాంటి కబుర్లు సినిమాలు చూసే వాళ్ళందరికీ తెలిసినవే. మన దగ్గర ఆ కత్తెర పట్టుకునేది ప్రభుత్వం వేసిన బోర్డు. కానీ ఒక దేశంలో, ఒక కాలంలో, కథల్ని కత్తిరించే అధికారం ఉక్కు అమ్మేవాళ్ళకీ, కాఫీ అమ్మేవాళ్ళకీ, వంటగ్యాసు అమ్మేవాళ్ళకీ ఉండేదంటే నమ్ముతారా?

నమ్మాలి మరి! ఆ దేశం అమెరికా. ఆ కాలం 1950ల నాటి టెలివిజన్ కాలం. ఆ కత్తెర దెబ్బలు తినీ తినీ, చివరికి దానికి అందని చోటుకి తన కథల్ని తీసుకుపోయిన రచయిత ఒకడున్నాడు. పేరు రాడ్ సెర్లింగ్. అతను కనిపెట్టిన ఆ చోటు పేరు 'ది ట్విలైట్ జోన్'. దెయ్యాలు, గ్రహాంతరవాసులు, కాలంలో వెనక్కి వెళ్ళేవాళ్ళు, మాట్లాడే బొమ్మలు... వీటన్నిటితో అయిదేళ్ళపాటు అమెరికా జనాన్ని భయపెట్టిన ధారావాహిక అది. భయపెట్టడం ఒక్కటే అతని ఉద్దేశమైతే ఇవాళ మనం ఇంత చెప్పుకోనవసరం లేదు.

స్పాన్సరు మాటే శాసనం

రేడియో సిలోన్ 'బినాకా గీత్‌మాలా' గురించి మీ ఇంట్లో పెద్దవాళ్ళని అడగండి, చెప్తారు. పాటల కార్యక్రమం పేరులోనే టూత్‌పేస్టు పేరు! ఆనాటి అమెరికన్ టెలివిజన్‌దీ ఇదే పద్ధతి. ఉక్కు కంపెనీ వారి నాటకాల కార్యక్రమం 'యునైటెడ్ స్టేట్స్ స్టీల్ అవర్'. జున్ను కంపెనీ వారిది 'క్రాఫ్ట్ టెలివిజన్ థియేటర్'. డబ్బు పెట్టేది వాళ్ళు గనక స్క్రిప్టు ముందు వాళ్ళ బల్లమీదికి వెళ్ళాల్సిందే. సరుకు కొనేవాళ్ళలో ఒక్కడికి కోపం తెప్పించే మాట ఉన్నా సరే, కొట్టివేతే!

ఇది ఎంతదాకా వెళ్ళిందో ఒక్క ఉదాహరణ చాలు. 1959 ఏప్రిల్ 16న 'ప్లేహౌస్ 90' కార్యక్రమంలో 'జడ్జ్‌మెంట్ ఎట్ న్యూరెంబర్గ్' నాటకం ప్రసారమైంది. నాజీల నేరాల మీద విచారణ కథ. లక్షలాది యూదుల్ని గ్యాస్ పెట్టి చంపిన సంగతి చెప్పకుండా ఆ కథ చెప్పడం కుదరదు కదా! కానీ ఆ కార్యక్రమానికి డబ్బిచ్చిన వాళ్ళలో అమెరికన్ గ్యాస్ అసోసియేషన్ కూడా ఉంది. 'గ్యాస్' అనే మాట చెడ్డ సందర్భంలో వినపడకూడదట! నటుడు ఆ మాట అనే చోట ధ్వని ఆపేశారు. పెదవులు కదిలాయి, మాట లేదు.

ఈ నాటకం రాసింది సెర్లింగ్ కాదు, ఆబీ మాన్. సెర్లింగ్ పడ్డ దెబ్బ ఇంతకన్నా పెద్దది.

ఒక కుర్రాడి కథ

సెర్లింగ్ 1924 డిసెంబర్ 25న న్యూయార్క్ రాష్ట్రంలోని సిరక్యూస్‌లో పుట్టాడు. బింగమ్టన్ అనే చిన్న ఊళ్ళో పెరిగాడు. రెండో ప్రపంచ యుద్ధంలో పారాచూట్ దళంలో చేరి ఫిలిప్పీన్స్‌లో పోరాడాడు, గాయపడ్డాడు. పొట్టివాడు, గట్టివాడు, సైన్యంలో బాక్సింగ్ కూడా చేశాడు. తిరిగొచ్చాక కలం పట్టాడు. 1955 జనవరి 12న 'పాటర్న్స్' అనే నాటకం ప్రసారమవడంతో ఒక్క రాత్రిలో పేరొచ్చేసింది. ఆ రోజుల్లో నాటకాలు అప్పటికప్పుడు ఆడుతూ ప్రసారం చేసేవారు, అయిపోతే అయిపోయినట్టే. జనం కోరిక మీద 'పాటర్న్స్'ని నెల తిరక్కుండానే మళ్ళీ ఆడించాల్సొచ్చింది!

అదే ఏడాది ఆగస్టులో మిసిసిపీ రాష్ట్రంలో ఒక ఘోరం జరిగింది. షికాగో నుంచి చుట్టాలింటికి వచ్చిన ఎమ్మెట్ టిల్ అనే పద్నాలుగేళ్ళ నల్లజాతి కుర్రాణ్ణి, ఒక తెల్లావిడతో మర్యాద తప్పి ప్రవర్తించాడన్న నెపంతో, రాత్రివేళ ఎత్తుకుపోయి చిత్రహింసలు పెట్టి చంపి నదిలో పడేశారు. లోకం చూడాలని తల్లి శవపేటిక మూత తెరిచే ఉంచింది. నిందితులు ఇద్దరు తెల్లవాళ్ళు. జ్యూరీలో అందరూ తెల్లవాళ్ళే. గంటా ఏడు నిమిషాల్లో నిర్దోషులని తేల్చేశారు. కొన్ని నెలలకి ఆ ఇద్దరూ ఒక పత్రికలో తామే చంపామని చెప్పుకున్నారు కూడా!

సెర్లింగ్ రక్తం ఉడికింది. 'నూన్ ఆన్ డూమ్స్‌డే' అనే నాటకం రాశాడు. హత్య చేసినవాణ్ణి ఊరంతా కలిసి కాపాడే కథ. అప్పటికే జాగ్రత్తపడి చనిపోయిన పాత్రని నల్ల కుర్రాడిగా కాక యూదుడిగా రాసుకున్నాడు. అయినా ఇది టిల్ కథేనని పత్రికలు రాశాయి. దక్షిణాది జాతివిద్వేష సంఘాల నుంచి ఉత్తరాలు కుప్పలు పడ్డాయి. ఉక్కు కంపెనీ గుండె ఝల్లుమంది. కత్తెర మొదలైంది. కథ దక్షిణాదిన జరక్కూడదు, ఈశాన్యాన న్యూ ఇంగ్లాండ్‌కి మార్చు! చచ్చినవాడు యూదుడు కాకూడదు, ఎవరో ఊరూపేరూ లేని విదేశీయుడు చాలు! ఆఖరికి తెరమీద కోకాకోలా సీసా కనపడినా దక్షిణాది గుర్తొస్తుందని అదీ తీసేశారు. 1956 ఏప్రిల్ 25న ప్రసారమయ్యేసరికి అందులో మిగిలింది పేరొక్కటే.

పట్టు వదలని విక్రమార్కుడిలా 1958లో మళ్ళీ ప్రయత్నించాడు. 'ఎ టౌన్ హాజ్ టర్న్‌డ్ టు డస్ట్'. ఈసారి కథ కాలంలోనే వెనక్కి పోయింది. 1870ల నాటి ఎడారి ఊరు. చచ్చేది మెక్సికన్ కుర్రాడు. టిల్ ఛాయలు మిగిలాయి, టిల్ మాత్రం మిగల్లేదు.

నరసింహస్వామి ఉపాయం

అమెరికా సెనేట్ మీద అతను రాసిన 'ది ఎరీనా' నాటకంలో సెనేటర్ల నోట ఆనాటి రాజకీయ సమస్య ఒక్కటి కూడా రాకూడదని ఆంక్ష పెట్టారు. సెనేటర్లు రాజకీయాలు మాట్లాడకుండా ఏం మాట్లాడతారండీ! దీని గురించి సెర్లింగ్ 1957లో ఒక పుస్తకం ముందుమాటలో చెప్పుకున్నాడు. ఆ కథని వందేళ్ళ తర్వాతి కాలంలో పెట్టి, సెనేటర్ల బదులు మరబొమ్మల్ని కూర్చోబెట్టి ఉంటే ఇంతకంటే నిజమైన నాటకం అయ్యుండేదని అతని భావం.

అదన్నమాట తాళంచెవి!

హిరణ్యకశిపుడి వరం మనందరికీ తెలుసు. పగలు చావకూడదు, రాత్రి చావకూడదు. ఇంట్లో కాదు, బయట కాదు. మనిషి వల్ల కాదు, మృగం వల్ల కాదు. నరసింహస్వామి ఏం చేశాడు? మునిమాపు వేళ, గడప మీద పని పూర్తిచేశాడు. స్పాన్సర్ల ఆంక్షలన్నీ అలాంటి వరాలే. ట్విలైట్ అంటే మునిమాపే కదా! ఇది ఏ ఊరూ కాదు, ఏ కాలమూ కాదు, వీళ్ళు మన మనుషులే కాదు అంటే ఏ స్పాన్సరు మాత్రం ఏమని అడ్డుపడతాడు?

ముందుగా 'ది టైమ్ ఎలిమెంట్' అనే కథ 1958 నవంబర్ 24న వచ్చింది. పెర్ల్ హార్బర్ మీద దాడి జరగబోయే ముందు రోజుకి కలలో వెళ్ళిన ఒకడు అందర్నీ హెచ్చరిస్తుంటాడు, ఎవరూ వినరు. ప్రేక్షకుల నుంచి ఉత్తరాలు వరదలా వచ్చాయి. అప్పటిదాకా ఆ స్క్రిప్టుని మూలపడేసిన సి.బి.ఎస్. సంస్థ కళ్ళు తెరిచింది. 1959 అక్టోబర్ 2న 'ట్విలైట్ జోన్' మొదలైంది.

దానికి పది రోజుల ముందు మైక్ వాలెస్ అనే ప్రసిద్ధ ఇంటర్వ్యూకారుడు, ముఖ్యమైన విషయాలు రాయడం ఇక మానుకున్నట్టేనా అని సూటిగా అడిగాడు. సమకాలీన సమస్యల జోలికి పోనని సెర్లింగ్ బుద్ధిగా ఒప్పుకున్నాడు. నిజంగానే అలసిపోయి అన్నాడో, స్పాన్సర్లని నిద్రపుచ్చడానికి అన్నాడో! ఆ తర్వాత వచ్చిన కథలు చూస్తే నాకు రెండోదే నిజమనిపిస్తుంది.

సూత్రధారి సెర్లింగ్

ఇది 'ఆంథాలజీ' పద్ధతి, అంటే కథల సంపుటి. హీరో ఉండడు. వారానికో కొత్త కథ, కొత్త నటులు. వారం వారం మారకుండా ఉండేది ఒక్కడే, సూత్రధారి. హిచ్‌కాక్ 1955 నుంచే 'ఆల్‌ఫ్రెడ్ హిచ్‌కాక్ ప్రెజెంట్స్'లో ఈ పద్ధతి నడిపాడు. ఇక్కడ సూత్రధారి సెర్లింగే. మొదటి ఏడాది ఎక్కువగా గొంతే వినపడేది. రెండో ఏడాది నుంచి నల్ల సూటు వేసుకుని, కొన్నిసార్లు చేతిలో సిగరెట్టుతో సన్నివేశం మధ్యలోకి నడిచొచ్చేవాడు. శవాన్ని భుజాన వేసుకున్న విక్రమార్కుడికి బేతాళుడు కథ చెప్పి చివర్లో ప్రశ్న వేసినట్టు, సెర్లింగ్ కూడా కథయ్యాక ఒక మాట అనేసి వెళ్ళిపోతాడు. జవాబు మన నెత్తిన పడుతుంది.

అయిదు సీజన్లు, 156 కథలు. అందులో 92 సెర్లింగ్ రాసినవే! మిగతావాటిలో ఎక్కువ భాగం రిచర్డ్ మాథిసన్, చార్లెస్ బోమాంట్ రాశారు.

స్పాన్సర్ల కత్తెర పూర్తిగా మొండిపోయిందనుకునేరు! 'జడ్జ్‌మెంట్ నైట్' కథలో బ్రిటిష్ ఓడ అధికారి టీ తెమ్మంటాడు. కార్యక్రమానికి డబ్బు పెట్టింది కాఫీ కంపెనీ. టీ అనడానికి వీల్లేదన్నారు! ఇంగ్లీషువాడు టీ అడక్కపోతే ఇంకేం అడుగుతాడు? చివరికి ట్రే తెమ్మని సర్దుకున్నారట. నాకు నవ్వొచ్చింది ఇక్కడే. టీ మాట పట్టుకున్న ఆ డేగకళ్ళకి పక్కనే పోతున్న ఏనుగులు కనపడలేదు.

కళ్ళముందే వెళ్ళిన ఏనుగులు

1959లో 'గ్యాస్' అనే మాట మింగేశారని చెప్పాను కదా. 1961 నవంబర్ 10న సెర్లింగ్ 'డెత్స్-హెడ్ రీవిజిటెడ్' ఇచ్చాడు. ఒకప్పటి నాజీ అధికారి పాతరోజులు తలుచుకుని మురిసిపోడానికి డాకావ్ నిర్బంధ శిబిరానికి తిరిగొస్తాడు. అక్కడ చచ్చినవాళ్ళే లేచొచ్చి అతని మీద విచారణ జరుపుతారు. దెయ్యాల కథే కదా! ఎవరూ అడ్డుపెట్టలేదు.

'ది బిగ్ టాల్ విష్' చూడండి. 1960 ఏప్రిల్ 8న వచ్చింది. వయసు మీరిన నల్లజాతి బాక్సరు, అతని గెలుపు కోసం గట్టిగా కోరుకునే చిన్నపిల్లాడు. ముఖ్య పాత్రలన్నీ నల్లవాళ్ళే. టెలివిజన్‌లో నల్లవాళ్ళు నౌకర్లుగా తప్ప కనపడడమే అరుదైన రోజులవి. కథలో జాతి ప్రసక్తి మాటవరసకైనా లేదు. మామూలు మనుషులు, మామూలు ఆశలు, ఒక మాయ. అంతే!

ఇక 'ఐ ఆఫ్ ది బిహోల్డర్'. 1960 నవంబర్ 11. ముఖం నిండా కట్లతో ఆస్పత్రిలో ఒక స్త్రీ. ఆమె కురూపి అట. పదకొండోసారి చికిత్స చేశారు. ఇదీ విఫలమైతే ఆమెని 'ఆమె లాంటివాళ్ళ' ఊరికి పంపేస్తారు. గదిలో టీవీలో దేశనాయకుడు అందరూ ఒక్కలాగే ఉండాలని గొంతు చించుకుంటుంటాడు. నేనీ కథ రెండుసార్లు చూశాను. మొదటిసారి కథ కోసం, రెండోసారి దర్శకుడు డగ్లస్ హేస్ పనితనం కోసం. డాక్టర్ల ముఖాలు, నర్సుల ముఖాలు చివరిదాకా ఒక్కటీ కనపడవు! ఒకరు నీడలో ఉంటారు, ఒకరు వెనక్కి తిరిగి ఉంటారు, ఒకరు తెరచాటున ఉంటారు. అంతా సహజంగానే ఉంటుంది, దాస్తున్నాడన్న అనుమానమే రాదు. కట్లు విప్పాక ఏమైందంటారా? మన పాత పాటల పుస్తకాల్లో రాసినట్టు, శేషం తెరమీద చూడండి!

మేపుల్ వీధి మనదే

కానీ వీటన్నిటిలో నన్ను ఎక్కువగా పట్టుకున్నది 1960 మార్చి 4న వచ్చిన 'ది మాన్‌స్టర్స్ ఆర్ డ్యూ ఆన్ మేపుల్ స్ట్రీట్'. ఈ కథ చివరిదాకా చెప్పక తప్పదు.

చక్కటి వీధి. సాయంకాలం. ఆకాశంలో ఏదో మెరుస్తుంది. కరెంటు పోతుంది, ఫోన్లు పోతాయి, కార్లు కదలవు. గ్రహాంతరవాసులు ముందుగా మనుషుల్లాంటి ఒక కుటుంబాన్ని పంపుతారని తను చదివిన కథలోది ఒక పిల్లాడు చెప్తాడు. అంతే! ఒకాయన కారు దానంతటదే స్టార్టయింది కాబట్టి అతను అనుమానితుడు. నిద్రపట్టక రాత్రిళ్ళు నక్షత్రాలు చూస్తాడు, అదీ అనుమానమే. చీకట్లో ఎవరో నడిచొస్తుంటే తుపాకీ పేలుతుంది. చచ్చినవాడు పక్కవీధిలో కరెంటుందో లేదో చూసొద్దామని వెళ్ళిన పొరుగింటాయనే! ఆ తర్వాత ఒకరి మీద ఒకరు రాళ్ళు. దూరంగా కొండ మీద నిలబడి ఇద్దరు ఇదంతా చూస్తుంటారు. వాళ్ళే నిజమైన గ్రహాంతరవాసులు. ఈ మనుషుల్ని గెలవడానికి ఆయుధాలెందుకు, దీపాలు ఆర్పితే చాలు, మిగతాది వాళ్ళే చేసుకుంటారని ఒకడు రెండోవాడికి పాఠం చెప్తాడు.

2018లో మన దేశంలో ఏం జరిగిందో గుర్తుందా? పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయని ఫోన్లలో పుకార్లు పాకాయి. తెలంగాణతో సహా చాలాచోట్ల జనం గుంపులుగా చేరి, ముక్కూమొహం తెలియని అమాయకుల్ని కొట్టి చంపారు. ఆ వార్తలు చదువుతుంటే నా కళ్ళముందు మేపుల్ స్ట్రీటే మెదిలింది. అక్కడ పిల్లాడు చెప్పిన కథ, ఇక్కడ ఫోన్లో వచ్చిన మెసేజి. 58 ఏళ్ళ తేడా! 'ఇది ఏ ఊరూ కాదు' అని రాసిన కథ కనకే అది మన ఊరు కాగలిగింది.

ముసుగు ఖరీదు

ఇంతకీ ఇది సెర్లింగ్ గెలుపా, ఓటమా? కేవలం గెలుపు అనేస్తే అన్యాయం. ముసుగుకి ఖరీదుంటుంది. ప్రేక్షకుల్లో ఎంతోమంది దెయ్యం కథ చూసి హాయిగా నిద్రపోయే ఉంటారు. ఎమ్మెట్ టిల్ కథ సెర్లింగ్ రాయాలనుకున్నట్టుగా తెరకెక్కలేదు. మార్షియన్ల పేరు చెప్పి న్యాయం గురించి మాట్లాడొచ్చు గానీ, చచ్చిపోయిన ఒక కుర్రాడి పేరు మార్షియన్ల నోట పలికించలేం. అంతేకాదు, స్పాన్సర్లతో అంత పోరాడిన మనిషి కథ అయ్యాక సిగరెట్ కంపెనీ ప్రకటన తనే చదివేవాడు!

కానీ అతను ముసుగులోనే ఉండిపోలేదు. చివరి సీజన్‌లో, 1964 మార్చి 27న 'ఐ యామ్ ది నైట్, కలర్ మీ బ్లాక్' వచ్చింది. ఒక మనిషిని ఉరితీయబోయే ఊళ్ళో తెల్లవారినా సూర్యుడు రాడు. ఆ చీకటి ద్వేషం తెచ్చిన చీకటి. చివర్లో రేడియో చెప్తుంది, అలాంటి చీకటే ఇంకా కొన్నిచోట్ల కమ్మిందని. ఆ జాబితాలో కెనెడీ హత్య జరిగిన డల్లాస్‌లో ఒక వీధి ఉంది, అలబామాలోని బర్మింగ్‌హామ్ ఉంది. కోకాకోలా సీసాకే ఉలిక్కిపడిన తెరమీద దక్షిణాది ఊళ్ళ పేర్లు పలికించాడు! ఎనిమిదేళ్ళు పట్టింది.

మూడు నెలలకి ధారావాహిక ఆగిపోయింది. అందులో తన వాటాని సెర్లింగ్ సి.బి.ఎస్.కే అమ్మేశాడు. తర్వాతి కాలంలో పునఃప్రసారాల మీద పునఃప్రసారాలు నడిచాయి గానీ, ఆ లాభం అతనిది కాదు. 1968లో 'ప్లానెట్ ఆఫ్ ది ఏప్స్' సినిమాకి స్క్రీన్‌ప్లేలో పాలుపంచుకున్నాడు. 'నైట్ గ్యాలరీ' మొదలైనప్పుడు 1969 నాటి తొలి చిత్రంలో అతని కథ ఒకదానికి దర్శకత్వం వహించిన ఇరవై రెండేళ్ళ కుర్రాడెవరో తెలుసా? స్టీవెన్ స్పీల్‌బర్గ్! 1975 జూన్ 28న, గుండె ఆపరేషన్ తర్వాత, యాభయ్యేళ్ళకే సెర్లింగ్ వెళ్ళిపోయాడు.

అతను వేసిన దారి మాత్రం మూసుకుపోలేదు. 2011లో మొదలైన 'బ్లాక్ మిర్రర్' ఆ తోవదే. జాతివివక్షని భయానక కథగా చెప్పిన 'గెట్ అవుట్' (2017) సినిమాకి రచయితగా ఆస్కార్ అందుకున్న జోర్డన్ పీల్, 2019లో 'ట్విలైట్ జోన్'ని మళ్ళీ తెచ్చినప్పుడు సెర్లింగ్ నిలబడ్డ చోట సూత్రధారిగా నిలబడ్డాడు. ఒక నల్లజాతీయుడు, నల్ల సూటులో!

ఇక ఎమ్మెట్ టిల్? 2022లో 'టిల్' అనే సినిమా వచ్చింది. ముసుగు లేదు, మార్షియన్లు లేరు. ఊరు మిసిసిపీ, పేరు ఎమ్మెట్. అదే ఏడాది మార్చిలో గుంపు హత్యల్ని ఫెడరల్ నేరంగా చేస్తూ అమెరికా తెచ్చిన చట్టానికీ ఆ కుర్రాడి పేరే పెట్టారు. 67 ఏళ్ళకి!

మీరు కొత్తగా మొదలుపెట్టేట్టయితే పైన చెప్పిన వరసలోనే చూడండి. మేపుల్ వీధి ఆఖరున పెట్టుకోండి. ఒక్కోటి అరగంట కూడా పట్టదు. నలుపు తెలుపు బొమ్మ, ఉన్న సెట్లే తిప్పి తిప్పి వాడిన పొదుపు వ్యవహారం. మన గ్రాఫిక్స్ కళ్ళకి ఆ మేకప్పులు మొదట నవ్వు తెప్పించొచ్చు కూడా. నవ్వండి, ఫర్వాలేదు. కాకపోతే మేపుల్ వీధి చూసిన రాత్రి కరెంటు పోయిందనుకోండి, పొరుగింటాయన్ని అనుమానించకుండా ఒక కొవ్వొత్తి ఇచ్చి రండి!